రైతు సాయం ఎవరి ఖాతాలో పడుతోంది?

2022 అక్టోబర్ 17న ఆళ్లగడ్డ సభలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి బటన్ నొక్కి వైఎస్సార్ రైతు భరోసా నాలుగో ఏటి రెండో విడత సొమ్ము విడుదల చేశారు. లబ్ధిదారులు 50.92 లక్షల మంది, మొత్తం 2,096.04 కోట్ల రూపాయలు. అదే రోజు ఢిల్లీ పూసాలో ప్రధాని నరేంద్ర మోదీ పీఎం కిసాన్ 12వ విడత కింద 16 వేల కోట్లు విడుదల చేశారు. రాష్ట్రానికి ఎంత, దేశానికి ఎంత అన్నది అందరికీ తెలిసింది. మరి సభ జరిగిన ఆళ్లగడ్డ మండలంలో ఏ ఊళ్లో ఎవరికి వచ్చింది? వచ్చినవాళ్లలో చేలోకి దిగి సేద్యం చేసేవాళ్లు ఎందరు? రానివాళ్లకు ఎందుకు రాలేదు? కోట్లలో చెప్పే లెక్క ఈ ప్రశ్నలకు జవాబు కాలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రజాధనం తీసుకునేవాళ్ల పేర్లు బయటపెట్టి తీరాలి. అయితే మన ప్రాంతంలో పేర్ల జాబితా ఒక్కటే చాలదు. ఏ సర్వే నంబరు మీద సాయం వచ్చింది, ఆ నేలను ఈ ఏడు ఎవరు సాగు చేశారు అన్న రెండు వివరాలూ పక్కపక్కన ఉన్నప్పుడే ఆ జాబితా ఊరికి పనికొస్తుంది.

రైతు చేతికి నేరుగా నగదు ఇచ్చే పద్ధతి తెలుగు నేల మీద పెద్ద ఎత్తున మొదలైంది తెలంగాణలో. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర ప్రారంభమైన రైతుబంధు కింద ఎకరాకు పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు ఇచ్చారు. కేంద్రం 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో పీఎం కిసాన్‌ను ప్రారంభించింది. ఏటా 6 వేలు, మూడు విడతల్లో. మొదట 2 హెక్టార్ల లోపు ఉన్నవాళ్లకే అన్నారు, ఆ ఏడు జూన్ నుంచి పట్టాదారులందరికీ విస్తరించారు. అదే ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అన్నదాత సుఖీభవ తెచ్చింది. ఎన్నికలయ్యాక 2019 అక్టోబర్ 15న నెల్లూరు జిల్లా కాకుటూరులో రైతు భరోసా మొదలైంది. కేంద్రం ఇచ్చే 6 వేలతో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో అన్నదాత సుఖీభవ కొత్త రూపంలో వచ్చింది. కేంద్రానిది 6 వేలు, రాష్ట్రానిది 14 వేలు, మొత్తం 20 వేలు.

పథకాల పేర్లు మారాయి, మొత్తాలు పెరిగాయి. వాటికి ఆధారం మాత్రం మారలేదు. అన్నీ రెవెన్యూ రికార్డునే నమ్ముకున్నాయి. 1బీ అనే ఆ రికార్డులో పేరుంటే రైతు, లేకపోతే కాదు. పీఎం కిసాన్ నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో పేరున్న కుటుంబాలకే అర్హత అన్నారు. ఆ తర్వాత పొలం కొనుక్కుని సొంతంగా సాగు చేసుకుంటున్న మనిషికి రాదు, వారసత్వంగా వచ్చినవాళ్లకు మాత్రమే మినహాయింపు. పైసా పైసా కూడబెట్టి రెండెకరాలు కొనుక్కున్న రైతు ఊళ్లో అందరి కళ్లెదుటా వ్యవసాయం చేస్తూనే కేంద్రం లెక్కలో రైతు కాకుండా పోతాడు. ఎందుకు రాలేదో ఆయనకు ఎవరూ కాగితం మీద రాసివ్వరు. "ఆన్‌లైన్‌లో చూపించడం లేదు" అన్న ఒక్క మాటతో తిప్పి పంపుతారు.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఈ చిక్కు మరీ ఎక్కువ. కేసీ కెనాల్, తెలుగుగంగ కింద వరి మడులు, నల్లరేగడిలో శనగ, మినుము, పత్తి, నీళ్ల వసతి ఉన్నచోట పసుపు. కుందూ పరీవాహకంలోని ఈ ఊళ్లలో పట్టా ఒకరిది, పంట ఇంకొకరిది కావడం మామూలు సంగతి. పట్టాదారు పిల్లల చదువుల కోసం నంద్యాలకో కర్నూలుకో చేరతాడు, లేదా ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు వెళతాడు. పొలాన్ని ఊళ్లో ఉన్న మనిషికి నగదు కౌలైన గుత్తకో, పంటలో వాటా తీసుకునే కోరుకో ఇస్తాడు. గుత్త డబ్బు చాలా చోట్ల పంట చేతికి రాకముందే కట్టాలి. విత్తనం, ఎరువు, కూళ్లు, ట్రాక్టర్ బాడుగ, మందుల కొట్లో బాకీ అన్నీ గుత్తకు చేసేవాడి నెత్తినే. వాన ఎక్కువై శనగ కుళ్లినా, పసుపు ధర పడిపోయినా నష్టం ఆయనదే. జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద కౌలు నేల కలిసి ఉన్న కమతాలు 17 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం దాటాయి. ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. అంటే పట్టాదారుడే రైతు అనుకుని డబ్బు పంచే పథకం దేశంలో అందరికంటే ఎక్కువగా గురి తప్పేది మన దగ్గరే.

దీన్ని సరిదిద్దడానికి చట్టాలు లేకపోలేదు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఊళ్లో అందరూ సీసీఆర్సీ కార్డు అనేది దాని కింద వచ్చిందే. ఆ కాగితాన్ని ఒకసారి పరీక్షగా చూడాలి. పట్టాదారు పేరు, సాగుదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, 11 నెలల గడువు, చివర పట్టాదారు సంతకం. బండి అక్కడే ఆగుతుంది. 11 నెలల తర్వాత ఈ కాగితానికి విలువ లేదనీ, యాజమాన్య హక్కుకు దీంతో సంబంధం లేదనీ చట్టం స్పష్టంగా చెప్పినా, సంతకం పెడితే రేపు పొలం మీద పేచీ వస్తుందని యజమాని భయపడతాడు. ఆ భయానికి కౌల్దారీ చట్టాల కాలం నాటి చరిత్ర ఉంది. దానికి తోడు, అదే సర్వే నంబరు మీద బ్యాంకులో పంట రుణం ఆయనే తీసుకుని ఉంటాడు, నగదు సాయం ఆయన ఖాతాలోనే పడుతూ ఉంటుంది. సంతకం వల్ల ఆయనకు వచ్చే లాభమేమీ లేదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుందని గుత్తకు చేసేవాడూ ఊరుకుంటాడు.

రైతు భరోసా ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసిందని ఒప్పుకోవాలి. సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకూ, దేవాదాయ భూములు సాగు చేసేవాళ్లకూ మొత్తం 13,500 రూపాయలు రాష్ట్రమే ఇచ్చింది. కానీ కార్డు లేనివాళ్లు అందులోకి రాలేదు. ఈ వర్గాలకు చెందని పేద కౌల్దారుకు కార్డు ఉన్నా సాయం రాలేదు. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ తొలి విడత పట్టాదారులకు అందింది, కౌల్దారుల వంతు తర్వాత అన్నారు.

ఇక లెక్కల సంగతి. రైతు భరోసా లబ్ధిదారులు ఆళ్లగడ్డ సభ నాటికి 50.92 లక్షల మంది. 2023 జూన్ 1న పత్తికొండ సభ నాటికి 52.30 లక్షలు, ఆ నవంబర్‌లో పుట్టపర్తి సభ నాటికి 53.53 లక్షలు. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ తొలి విడతకు 46.85 లక్షలు. పుట్టపర్తికీ దర్శికీ మధ్య 6.68 లక్షల పేర్ల తేడా ఉంది. కౌల్దారులను పక్కన పెట్టడం కొంత కారణం కావచ్చు. ఈకేవైసీ కాకపోవడం, ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోవడం, పట్టాదారు చనిపోయినా రికార్డు మారకపోవడం, ఆదాయపు పన్ను కట్టేవాళ్లని తేలడం, ఇవీ ఉంటాయి. ఏ కారణంతో ఎన్ని పేర్లు పోయాయో ఊరివారీగా అందరికీ కనబడేలా రాసి పెట్టడమే ప్రభుత్వం చేయాల్సిన పని. దానికి బదులు రైతుకు దొరుకుతున్నది ఏమిటంటే, అన్నదాత సుఖీభవ పోర్టల్‌లో తన ఆధార్ నంబరు కొట్టి తన స్థితి చూసుకునే వీలు. అది మంచి సౌకర్యమే. కానీ అది పారదర్శకత కిందికి రాదు. నా లెక్క నాకు చూపించడం సేవ. ఊరి లెక్క ఊరికి చూపించడం జవాబుదారీ.

జాబితా ఊరి ముందుకు రాకపోతే ఏమవుతుందో తమిళనాడు చూపించింది. 2020లో అక్కడ పీఎం కిసాన్‌లో రైతులు కానివాళ్లు సుమారు 5.5 లక్షల మంది చేరి, దాదాపు 110 కోట్లు పొందినట్టు తేలింది. అధికారుల లాగిన్ వివరాలు బయటివాళ్ల చేతికి పోయాయి, కంప్యూటర్ సెంటర్లలో కూర్చుని పేర్లు ఎక్కించారు. చేను లేని మనిషి పేరు రైతుల జాబితాలో ఉంటే ఊరివాళ్లకు చదివిన క్షణంలో తెలిసిపోతుంది. ఊరందరి ముందు చదివే అవకాశం వాళ్లకు రాలేదు. అదే కాలానికి సమాచార హక్కు కార్యకర్త వెంకటేశ్ నాయక్ అడిగిన దరఖాస్తుకు కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబులో, 2020 జూలై నాటికి 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లినట్టు తేలింది. వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పన్ను కట్టేవాణ్ణి కంప్యూటర్ పట్టుకుంటుంది. పాన్, ఆధార్ పోల్చి చూస్తే పేరు బయటికి వస్తుంది. అందుకే అలాంటి తొలగింపులు ఆ దారిలోనే జరుగుతున్నాయి. కానీ ఉయ్యాలవాడ మండలంలో ఫలానా సర్వే నంబరులో ఈ రబీకి శనగ వేసింది పట్టాదారుడా, గుత్తకు తీసుకున్నవాడా అన్నది ఢిల్లీలో ఉన్న ఏ సర్వర్‌కూ తెలియదు. అది తెలిసింది పక్క పొలం వాడికి, ఊళ్లో మందుల కొట్టు నడిపే మనిషికి, గ్రామ వ్యవసాయ సహాయకుడికి. కాబట్టి ఆ తనిఖీ ఊళ్లోనే జరగాలి.

అలాంటి తనిఖీ ఎలా చేయాలో దేశానికి నేర్పింది మనమే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకానికి ఆధారమైన చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. దాన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టిన తొలి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో అందుకోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపారు. వాళ్లు మస్టర్ (హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఈ పని నువ్వు చేశావా, ఈ డబ్బు నీకు అందిందా" అని అడిగి రాసుకున్నారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద, మైకులో, అధికారుల ఎదుటే ఒక్కో పేరూ చదివారు. చనిపోయినవాళ్ల పేరిట ఎక్కిన హాజరు, తవ్వని చెరువుకు వేసిన బిల్లు అలాంటి చోట బయటపడ్డాయి. లోపాలు చాలా ఉన్నాయి. రికవరీలు పూర్తిగా జరగలేదు, రాజకీయ ఒత్తిళ్లూ తప్పలేదు. అయినా కూలివాడి నోట ప్రశ్న పలికించిన ఏర్పాటు అది.

రైతు సాయానికి ఆ స్థాయి ఏర్పాటు లేదు. పీఎం కిసాన్‌కు ప్రత్యేకంగా చట్టం లేదు, మార్గదర్శకాలే ఉన్నాయి. లబ్ధిదారుల జాబితా పంచాయతీల్లో ప్రదర్శించాలని, ఏటా 5 శాతం మందిని క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని అవి చెబుతాయి. పీఎం కిసాన్ పోర్టల్‌లో ఊరివారీ పేర్లూ దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా జాబితాలు సామాజిక తనిఖీ కోసమంటూ గ్రామ సచివాలయాల్లో అంటించారు. కానీ గోడకు కాగితం అంటించడం ఒకటి, ఆ కాగితాన్ని ఊరంతా కూర్చున్న చోట చదివి అభ్యంతరాలు రాసుకోవడం ఇంకొకటి. చదువు రాని రైతుకు, ముఖ్యంగా మగదిక్కు లేని కుటుంబంలోని ఆడ రైతుకు, ఆఫీసు లోపల అంటించిన ఏ4 కాగితాలు ఉన్నా లేనట్టే.

పేర్లు బయటపెడితే మనిషి గుట్టు రట్టవుతుందన్న వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, మన రాష్ట్రమే చేదు అనుభవం చవిచూసింది. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నాయని అందులో తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు బయట పెట్టడం పారదర్శకత కాదు, అది నిర్లక్ష్యం. ఊరి తనిఖీకి ఆ రెండూ అవసరమే లేదు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు, మొత్తం ఉంటే చాలు.

యూరప్ ఈ పేచీని మనకంటే ముందే ఎదుర్కొంది. అక్కడి ఉమ్మడి వ్యవసాయ విధానం కింద ఏటా వేల కోట్ల యూరోల సబ్సిడీ వెళుతుంది. డెన్మార్క్, బ్రిటన్‌ల నుంచి కొందరు పాత్రికేయులు, పరిశోధకులు 2005లో కలిసి ఒక్కో దేశం నుంచి ఆ లెక్కలు అడగడం మొదలుపెట్టారు. చిన్న రైతు పేరు చెప్పి పంచే సొమ్ములో పెద్ద ఎస్టేట్లకూ, రాజకుటుంబాలకూ, చక్కెర కంపెనీలకూ భారీ వాటాలు పోతున్నాయని బయటపడింది. పేర్లు ప్రకటించాలని యూరోపియన్ యూనియన్ నియమం తెచ్చింది. జర్మనీ రైతులు కోర్టుకు వెళ్లారు. 2010 నవంబర్‌లో యూరప్ న్యాయస్థానం, వ్యక్తుల పేర్లన్నీ ఒకే గాటన కట్టి ప్రకటించడం తగదని ఆ నియమాన్ని కొట్టేసింది. అక్కడితో వదిలేయలేదు వాళ్లు. నియమాన్ని తిరగరాసి, చాలా చిన్న మొత్తాలు తీసుకునేవాళ్ల పేర్లు దాచి, మిగతావాళ్లవి మళ్లీ ప్రకటిస్తున్నారు. ఈ లెక్కల వెంట పడటం ఎంత ప్రమాదమో కూడా ఆ ఖండమే చూసింది. 2018 ఫిబ్రవరిలో స్లోవేకియాలో హత్యకు గురైన యువ పాత్రికేయుడు యాన్ కుసియాక్ చివరిగా పరిశోధిస్తున్న విషయాల్లో, ఇటలీ మాఫియాతో సంబంధాలున్నవాళ్లు వ్యవసాయ సబ్సిడీలు కాజేయడం ఒకటి.

యూరప్ తీర్పు నుంచి మనం తీసుకోవాల్సిన సూత్రం నాకు స్పష్టంగా కనబడుతుంది. చిన్న మొత్తాల జాబితా ఊరి గోడ మీద, గ్రామసభలో ఉంటే చాలు. ప్రపంచమంతా వెతికి చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టనక్కరలేదు. డ్రిప్ పరికరాలు, యంత్రాలు, పెద్ద మొత్తాల పంట నష్టపరిహారం లాంటివి మాత్రం పేరుతో, మొత్తంతో అందరికీ కనబడాలి. డ్రిప్‌లో ఖర్చులో పెద్ద భాగం సబ్సిడీయే, ఆ డబ్బు పరికరాల కంపెనీకి చేరుతుంది. పొలంలో పైపులు నిజంగా పడ్డాయా లేదా అన్నది సర్వే నంబరుతో ప్రకటిస్తే ఎవరైనా వెళ్లి చూసి చెప్పగలరు.

అసలు పేరే లేని సబ్సిడీలు వీటికంటే పెద్దవి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266.50 రూపాయలకు దొరుకుతుంది. అసలు ఖర్చుకూ దీనికీ మధ్య తేడాను కేంద్రం కంపెనీలకు ఇస్తుంది. 2025-26 బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీ లక్షన్నర కోట్లు దాటింది. పీఎం కిసాన్‌కు కేటాయించింది 63,500 కోట్లు. కొట్లో వేలిముద్ర వేసి బస్తా కొంటున్నా, ఎన్ని ఎకరాలకు ఎన్ని బస్తాలన్న లెక్క దానికి జత కావడం లేదు. 2004 నుంచి అమలవుతున్న ఉచిత విద్యుత్తూ అంతే. ఒక బోరు ఉన్నవాడికీ, నాలుగు బోర్లు ఉన్నవాడికీ ఎంత చొప్పున ముట్టిందో ఏ ఊరి గోడ మీదా కనబడదు. బోరు లేని మెట్ట రైతుకు అందులో దక్కేది సున్నా. నగదు సాయం విషయంలో పేదవాడి పేరు అడిగే మనం, ఇక్కడ పెద్దవాళ్ల వాటా గురించి కూడా అంతే గట్టిగా అడగాలి.

చట్టం రైతు పక్షానే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 12వ అంశం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలని ప్రతి ప్రభుత్వ సంస్థనూ ఆదేశిస్తుంది. అయితే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా సెక్షన్ 8(1)(జె)ని మార్చారు, 2025 నవంబర్ నుంచి ఆ మార్పు అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో నిరాకరించే వీలు అధికారికి వచ్చింది. లబ్ధిదారుల జాబితా అడిగితే ఇకపై ఈ సెక్షన్ చూపించి తిప్పి పంపే ప్రయత్నం జరగవచ్చు. సెక్షన్ 4 మారలేదన్నది, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉందన్నది ప్రతి రైతు సంఘమూ గుర్తుపెట్టుకోవాలి.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. ఈ-క్రాప్ అనే పంటల నమోదులో సాగుదారు పేరు రాసే చోటు ఉంది. సాయం జాబితా పక్కన ఆ పేరును పెట్టి, పంట కాలానికి ఒకసారి గ్రామసభలో చదివించాలి. రెండు పేర్లూ వేరైనప్పుడు వెంటనే ఎవరి డబ్బూ ఆపనక్కరలేదు, ముందు ఆ తేడా ఎంతుందో ఊరికీ రాష్ట్రానికీ తెలియాలి. ఎన్ని ఎకరాల సాయం సాగు చేయనివాళ్లకు పోతోందో తేలిన రోజున, కౌల్దారుకు సాయం ఇవ్వడానికి యజమాని సంతకం ఎందుకు అడ్డం కావాలన్న చర్చకు ఆధారం దొరుకుతుంది. తొలగించిన పేర్ల జాబితా, కారణంతో సహా, అదే రోజు అదే సభలో చదవాలి.

ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, చాగలమర్రి మండలాల రైతులకు ఒక విన్నపం. మీ ఊరి సచివాలయానికి వెళ్లి, తెల్ల కాగితం మీద, ఈ ఏడాది రైతు సాయం అందుకున్నవారి జాబితా సర్వే నంబర్లతో, తొలగించిన పేర్లు కారణాలతో ఇవ్వాలని రాసివ్వండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) 12వ అంశం అని పేర్కొనండి. అందినట్టు రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.